ఏడాది కొండెక్కకూడదు

చావు కబురు వచ్చేసరికి సౌభాగ్య గడప ముందర కూర్చుని కాలిగోళ్లు కత్తిరించుకుంటూ ఉంది.

అది శనివారం. శనివారం పొద్దున్నే గోళ్లు తీసుకునే కోడల్ని చూస్తూ అత్త దేవక్క చేటలో జొన్నలు చెరుగుతోంది. చెరిగే ఊపులోనే ఆమె కోపమంతా తెలిసిపోతోంది. పొట్టుకంటే గింజలే ఎక్కువ కింద పడుతున్నాయి.

“శనివారం గోరు తీసే ఆడదాన్ని ఈ బండ్రి ఊర్లో నిన్నే చూస్తాండా” అంది చివరికి పట్టలేక.

“రేపు కొండ దిగేటప్పుడు వేళ్లు బూటుకు గుద్దుకుంటాయత్తా. గోరు పొడుగుంటే నల్లబడి ఊడొస్తాదంట. రోహిణి చెప్పింది.”

“ఆ చెప్పేదేదో నిన్న చెప్పగూడదా ఆయమ్మ?”

“నిన్న శుక్రారం. నిన్న తీసుకోనుంటే నన్ను ఇంట్లోకి రానిస్తాంటివా?”

 దేవక్క చేటను ఇంకో నాలుగు ఊపులు ఊపి ఊరుకుంది. కోడలు గోళ్ల ముక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టడం చూసి కొంచెం శాంతించింది కూడా.

మర్నాడు ఆదివారం సండూరు కొండల్లో పరుగు. మామూలు పరుగు కాదు, యాభై కిలోమీటర్లు. అడవిదారిలో ఎక్కడం, దిగడం, వాగులు దాటడం, మళ్లీ ఎక్కడం. ఆల్ట్రా అంటారు దాన్ని. బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లేసుకుని వస్తారు జనం, డబ్బు కట్టి మరీ ఒళ్లు హూనం చేసుకోవడానికి. బండ్రి నుంచి ముగ్గురు పేర్లిచ్చారు. ఊరి బడిలో ఆటలు నేర్పే రోహిణి టీచరు, సండూరులో హోంగార్డు ఉద్యోగం చేసే శరణమ్మ, బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేసే సౌభాగ్య. వానలు మొదలైనప్పటి నుంచి ముగ్గురూ తెల్లారకముందే లేచి గుట్టల వెంట పరిగెత్తుతున్నారు. మొదట్లో ఊరు నవ్వింది. తర్వాత వాళ్లు రోడ్డు మీదికి రాకపోతే పాలవాడు ఆరా తీయడం మొదలుపెట్టాడు.

ముప్పై అయిదేళ్ల సౌభాగ్య తనంతట తానుగా ఎదురుచూసిన రోజు ఇదొక్కటే. పెళ్లిరోజుకు కూడా ఆమె ఇంతగా ఎదురుచూడలేదు. అది పెద్దవాళ్లు పెట్టిన ముహూర్తం, పెద్దవాళ్లే ఎదురుచూశారు. దీనికి మాత్రం నెలనెలా కాలెండరు తిప్పుకుంటూ వచ్చింది. గది మూలలో సంచి సర్దిపెట్టుకుంది. బూట్లు, టీషర్టు, టీషర్టుకు గుచ్చుకునే, పేరు అచ్చేసిన నంబరు అట్ట, రోహిణి వాడుకోమని ఇచ్చిన, వీపుకు తగిలించుకునే నీళ్లసంచి. పొద్దున లేచినప్పటి నుంచి ఏదో ఒక వంకతో దాన్ని రెండుసార్లు విప్పి చూసుకుంది.

కోట్రేశ్ ఫోను చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు. సౌభాగ్య మొగుడు. ఇనుప గనుల నుంచి ఖనిజం మోసే టిప్పరు తోలుతాడు.

“అమ్మా, కంప్లి నారప చిన్నాయన పోయినాడంట. రాత్రి నిద్దట్లోనే.”

దేవక్క చేట కింద పెట్టింది. “అయ్యో, అక్కమ్మ ఒంటిదైపాయనే!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.  తర్వాత చేటలో జొన్నలన్నీ మళ్లీ సంచిలో పోసి, మూతి కట్టి, ఎవరి వైపూ చూడకుండా అంది.

“దాయాదుల చావు. ఇంగ ఏడాది మనింట్లో ఎవురూ కొండెక్కగూడదు.”

 నారప సౌభాగ్యకు ఎన్నో వరసల అవతలి మామ. కోట్రేశ్ తాతకు తమ్ముడి కొడుకు. ఆమె ఆయనను చూసిందే రెండుసార్లు. పెళ్లిలో ఒకసారి, బూందీ గట్టిగా ఉందని గొడవ పెట్టుకుంటూ. ఇంకోసారి కంప్లి బజారులో. ఆ ముసలాయన ఎనభై ఏళ్లు బతికి, ఇంకొక్క రోజు ఓపిక పట్టలేకపోయాడా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గుపడింది. కానీ అనిపించడమైతే అనిపించింది.

“అత్తా, అది దేవుని కొండ కాదు గదా. గుడికి పోవడం లేదు గదా మేము” అంది మెల్లగా.

“దారిలో మల్లయ్య గుడి ఉండాదని నువ్వే గదా చెప్పింది? అయినా గుడి ఉంటేనేనా కొండ? కొండంటే కొండే. మనింటికి ఒక పద్ధతుండాది సౌభాగ్యా. లే, గుడ్డ మార్చుకో. శవం లేసేలోపల పోవల్ల.”

కోట్రేశ్ పెళ్లాం వైపు చూసి, తల్లి వైపు చూసి, బండి తాళాలు వెతికే పనిలో పడ్డాడు. తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి.

*

పిల్లలిద్దర్నీ పక్కింట్లో వదిలి, బడి వంటను తోటి వంటమనిషికి అప్పగించి, హోసపేట మీదుగా బస్సులు మారి కంప్లి చేరేసరికి ఎండ ఎక్కింది. నారప ఇల్లు ఏటి వైపు పోయే సందులో ఉంది. ముసలాయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా ఉంది, బూందీ బాగా కుదిరినట్టు.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. శవం లేచేదాకా ఎవరూ ఏమీ తినరు. సౌభాగ్యకేమో ఆ రోజంతా అన్నం, ఉర్లగడ్డ దుంపలు బాగా తినాలని, గంటగంటకూ నీళ్లు తాగుతుండాలని రోహిణి గట్టిగా చెప్పి పంపింది. రేపటి శక్తి ఈ రోజు తిన్న తిండిలోనే ఉంటుందట. పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఒళ్లో ఫోను ఊరికే వణుకుతోంది. “అన్నం తిన్నావా?” “నీళ్లు తాగినావా?” “పడుకోనుండు, నడవొద్దు.” అన్నీ రోహిణివే. ఆమెకు ఇంకా విషయం తెలియదు. చెప్పడానికి సౌభాగ్యకు చేతులు రాలేదు.

కొండెక్కేదే లేనప్పుడు తిండి ఎందుకు? అయినా ఆశ చావలేదు. బస్సులో కొన్న అరటిపండు చేతిసంచిలో ఉంది. కాళ్లు కడుక్కునే మిషతో పెరట్లోకి వెళ్లి, గొడ్ల కొట్టం గోడ వైపు తిరిగి, రెండే గుటకల్లో మింగేసింది. వెనక్కి తిరిగితే బక్కెట పట్టుకుని వదిన వరసయ్యే ఒకావిడ నిలబడి ఉంది.

“తిను తిను. ఒట్టి మనిషివేనా?” అంది ఆవిడ, ఏదో శుభవార్త పసిగట్టినట్టు కడుపు వైపు చూస్తూ.

“అట్లేం లేదొదినా” అంది సౌభాగ్య, తొక్క ఎక్కడ పారేయాలో తెలియక చేతిలోనే నలుపుతూ.

లోపలికి వచ్చి మళ్లీ ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఎదురుగా అక్కమ్మ ఉంది, నారప పెళ్లాం. ఆమె ఏడవడం లేదు. ముసలాయన కాళ్ల మీది పంచె అంచు గాలికి తొలిగిపోతుంటే సర్దుతోంది. మళ్లీ తొలుగుతుంది, మళ్లీ సర్దుతుంది. ఒకసారి బొటనవేలు బయటపడితే గబుక్కున కప్పింది, చలివేస్తుందేమో అన్నట్టు. అది చూసి సౌభాగ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలియని ఏడుపు. ఆ ఏడుపులో తన కొండ కూడా కొంత కలిసిందని ఆమెకు తెలుసు.

అక్కమ్మ నీళ్ల చెంబు కోసం లేవబోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారే ఆమె భుజాలు పట్టుకున్నారు.

“నువ్వు లేవొద్దు తల్లీ. ఏ పనీ ముట్టుకోవద్దు. ఈ ఏడాది గడప దిగొద్దు, మేము చూసుకుంటాం. కూచో. కూచోనుండు.”

అక్కమ్మ కూర్చుంది. కూర్చున్నాక, అప్పుడు మొదలైంది ఆమె ఏడుపు. ఇల్లంతా ఆమెతోపాటు ఏడ్చింది. దేవక్క మాత్రం ఏడుపు మానేసి, అక్కమ్మ భుజాల మీద ఉన్న ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. అంతసేపు ఎందుకు చూస్తోందో సౌభాగ్యకు అర్థం కాలేదు.

శవం వెళ్లాక ఇల్లు కడిగారు. అందరూ తలమీద నీళ్లు పోసుకున్నాక, ఇరుగుపొరుగువాళ్లు అన్నం, చారు తెచ్చి పెట్టారు. సౌభాగ్య మూడుసార్లు పెట్టించుకుంది. “పాపం, దుఃఖానికి ఆకలి జాస్తి” అని ఎవరో అన్నారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు.

*

తిరుగు బస్సులో ముగ్గురికీ వెనక సీటు దొరికింది. తడి జుట్టులు ఆరలేదు. హోసపేట దాటాక కోట్రేశ్ ఫోను మోగింది. లారీల మేస్త్రీ. రేపు పొద్దున ఒక డ్రైవరు రావడం లేదట, మొదటి ట్రిప్పుకు కోట్రేశ్ రావాలట. కోట్రేశ్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి తల్లి వైపు వంగాడు.

“అమ్మా, రేపు డ్యూటీకి రమ్మంటాండారు. ఈ మైలలో పోవచ్చా?”

“డ్యూటీకి మైలేంది నాయనా? పో. అన్నం పెట్టే పని.”

కోట్రేశ్ సరేనని ఫోను పెట్టేశాడు. సౌభాగ్య కిటికీ బయటికి చూస్తూ ఉంది. ఎదురుగా ఖనిజం లారీలు వరుసగా వస్తున్నాయి. ఖనిజం దుమ్ముకు ఆకులన్నీ ఎర్రబారిన చెట్లు రోడ్డుకు రెండు పక్కలా ఉన్నాయి.

“డ్యూటీ యాడికి?” అని అడిగింది, అటే చూస్తూ.

“యాడికేంది? లోడు ఆడనే గదా. కొండమీదికి” అన్నాడు కోట్రేశ్. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

“ఏ కొండ?”

 దేవక్కే అందుకుంది.

“అది కొండ యాడైతాది? అది మైనింగు.”

“రెండూ ఒగటే కొండ అత్తా” అంది సౌభాగ్య. గొంతు పెద్దది చేయలేదు. అడగాల్సిన మాట అడిగేస్తేనే తేలిక అన్నట్టు అడిగింది. “ఆ పక్కన నీ కొడుకు లారీలో ఎక్కుతాడు. ఈ పక్కన నేను నడిచి ఎక్కుతా. పైన ఇద్దరం ఒగే తావున ఉంటాం. ఆయప్పకు లేని మైల నాకెట్లొచ్చింది?”

ముందు సీటులో కూర్చున్న మనిషి చెవి ఇటు తిప్పాడు. దేవక్క మొహం ఎర్రబడింది.  కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది. నిద్రపోలేదని ముగ్గురికీ తెలుసు. 

బండ్రిలో బస్సు దిగాక సౌభాగ్య ఇంటికి పోలేదు. “రోహిణికి చెప్పి వస్తా” అని అటు నుంచి అటే వెళ్లింది.

రోహిణి ఇంట్లో నేలంతా రేపటి సరంజామా పరిచి ఉంది. ఉప్పు పొట్లాలు, ఖర్జూరాలు, చెనిగింజల చిక్కీలు, పిన్నీసులు. శరణమ్మ మడమలకు ప్లాస్టరు పట్టీలు అతికించుకుంటోంది. సౌభాగ్య తడి జుట్టు చూసి ఇద్దరూ లేచారు. ఆమె నిలబడే విషయం చెప్పింది.

“ఇదేం న్యాయమ్మే?” అని రోహిణి మండిపడింది. “ఏ కాలంలో ఉండాము? నేనొచ్చి మాట్లాడతా మీ అత్తతో.”

“నువ్వు టీచరువి, నువ్వట్లే అంటావు” అంది శరణమ్మ. “మా ఇంట్లో చావయితే నేనూ ఎక్కను. భయం భయమే గదా.”

“నాకు మైలంటే భయం లేదు శరణమ్మా” అంది సౌభాగ్య. “రేపు నేనెక్కినాననుకో. వచ్చే వారం పిల్లోనికి జరమొచ్చిందనుకో. ఆ జరం నా పేరు మీదనే ఉంటాది. ఈయప్ప లారీకి ఏమన్నా అయితే అదీ నా పేరు మీదనే. బతికినన్ని దినాలు. ఆ బరువు మోసుకుని యాభై కిలోమీటర్లు ఎవురు పరిగెత్తుతారు?”

  రోహిణి చేతిలో ఉన్న చిక్కీ పొట్లాన్ని ఊరికే మడతపెట్టి విప్పింది.

“నీ నంబరు ఇంకొకరికి ఇయ్యరు. దాంట్లో నీ పేరే అచ్చయి ఉండాది” అంది చివరికి.

“ఉండనీలే. నీ నీళ్లసంచి తెచ్చిస్తా. వేరే ఎవురికన్నా పనికొస్తాది” అని సౌభాగ్య బయటికి వచ్చేసింది. సందు మలుపు తిరిగేదాకా ఏడవకుండా నడిచింది.

*

ఇంటి ముందు తీగ మీద ఒక తెల్లటి అట్టలాంటిది వేలాడుతోంది. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి. దగ్గరికి పోతే దాని మీద తన పేరుంది.

సౌభాగ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పక్కన టీషర్టు. దాని పక్కన రోహిణి నీళ్లసంచి తలకిందులుగా. సంచిలో సర్దిపెట్టుకున్నవన్నీ తీగ మీద ఉన్నాయి. బండ దగ్గర దేవక్క కూర్చుని ఉంది, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని. ముందు పెద్ద టబ్బు నిండా సబ్బు నురుగు. ఆమె చేతుల్లో సౌభాగ్య బూటు ఉంది. గిన్నెలు తోమే పీచుతో దాని అడుగును గసగసా రుద్దుతోంది. రెండో బూటు టబ్బులో తేలుతోంది.

సాయంత్రం అయిపోయింది. తెల్లవారితే పరుగు.

సౌభాగ్యకు ఆ రోజంతా దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్లయినా అత్త ముందర ఎప్పుడూ గొంతు లేపలేదు. ఇప్పుడు లేపింది.

“నేను రానని చెప్పే వచ్చినా గదా! ఇంగా నీళ్లలో ముంచేదెందుకు? పారిపోతాననుకుంటివా? దాచిపెట్టి ఉంటే చాలదా? ఇంత పగ ఏందత్తా నామీద?”

పక్కింటి కిటికీలో దీపం వెలిగింది. దేవక్క తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

“మైల సంచితోనే ఎక్కుతావా మరి?” అంది. “చావు కబురు వచ్చినప్పుడు ఇంట్లోనే ఉండె గదా ఇదంతా. మైల అన్నిటికీ తగిలుంటాది. కొండమీదికి పొయ్యేవి తడపకుండ ఎట్ల పంపుతారు?”

సౌభాగ్య తీగ మీది బట్టల వైపు మళ్లీ చూసింది.

“నేను పోతాండానా?”

“పోకపోతే ఇవన్నీ ఎవురికి ఉతుకుతాండా?” అని దేవక్క బూటును నీళ్లలో జాడించింది. బుడబుడా బుడగలొచ్చాయి. “ఇదేం బూటుమే, ఎంత పిండినా నీళ్లే. దీన్ని పిండేదెట్ల?”

సౌభాగ్య వచ్చి టబ్బు అవతలి పక్కన కూలబడింది.  రెండో బూటు తీసుకుని, లోపలి అట్ట ఊడదీసి, సబ్బు కడగసాగింది. కాసేపు ఇద్దరూ ఒకే నీళ్లలో చేతులు పెట్టి పనిచేశారు. దేవక్క తలదించుకుని మాట్లాడింది, బూటుకు చెబుతున్నట్టు.

“మీ మామ పోయినప్పుడు నేను కొండెక్కినా. దినాలు కూడా కాలేదు.”

సౌభాగ్య చెయ్యి ఆగింది.

“అప్పుడు మైనింగు జోరు. చైనాకు పోతాండాదంట రాయి. కొండ పైన యాడ చూసినా ఆడోళ్లే, రాళ్లేరేది. కోట్రేశు బడి పిల్లోడు. ఇంట్లో గింజ లేదు. పొయ్యి ఎట్ల రాజేస్తావు? గంప తలమీద పెట్టుకుని పోయినా. సుత్తితో రాయి పగలగొట్టేది, జల్లెడ పట్టేది, గంపకెత్తేది. కంట్లో నీళ్లొస్తే ఎర్ర దుమ్ము కదా, ఏడ్చినట్టు ఎవురికీ తెలీదు.”

“ఎవురూ వద్దన్లేదా?”

“ఎవురంటారు?” దేవక్క బూటును పక్కన పెట్టింది. “మీ మామ తమ్ముళ్లుండారు, అక్కలుండారు, దాయాదులుండారు. ఒక్కరన్నా వచ్చి, ‘ఏమ్మే దేవీ, మొగుడు పోయిన దానివి, ఏడాది కొండెక్కగూడదు, ఇంట్లో కూచో’ అని అన్లేదు. అంటారేమోనని చూసినా సౌభాగ్యా. పొద్దున గంప ఎత్తుకుని గడపలో కొంచేపు నిలబడేదాన్ని. ఎవురన్నా ఆపితే లోపలికి పోయి కూచుని ఏడ్చుకుందామని ఉండె. కూలికి పొయ్యేదాన్ని ఎవురు ఆపుతారు? మనం ఎక్కితే అది కొండే గాదు.”

 దేవక్క తడి చేత్తోనే మొహం తుడుచుకుంది. నుదుటి మీద నురుగు అంటింది.

“పొద్దున నీకు వద్దని చెప్పినప్పుడు, నిజం చెప్తాండా, నాకు బాగనిపించింది. మా ఇంటి కోడలికి వద్దని చెప్పేదానికి ఒక మనిషుండాది, మా ఇంట్లో పద్ధతుండాది అని. నీకు మంచి చేస్తాండాననే అనుకున్నా. బస్సులో నువ్వు అడిగినావు చూడు, ఆయప్పకు లేని మైల నాకెట్లని... అప్పటి నుంచి లెక్క వేసుకుంటాండా. నాకు లేని మైల నీకు యాడిది?”

సౌభాగ్య ఆ తడి చేతులు పట్టుకుంది.  అత్తమీద ప్రేమ ఆమెకు ఇన్నేళ్లలో అంతగా ఎప్పుడూ కలగలేదు. “జరమొస్తే నా మీద ఎయ్యకు మరి” అంది కడకు.

“వస్తే మాత్రలు లేవా?” అంది దేవక్క.

ఆ తర్వాత బూట్ల సంగతి చూసేసరికి ఇద్దరికీ గుబులు పట్టుకుంది. బొక్కెనలో ముంచినట్టే ఉన్నాయి. కాగితాలు కుక్కారు, కాగితాలు నానిపోయాయి. పొయ్యి దగ్గర పెడితే అడుగు రబ్బరు వాసన కొట్టింది. అప్పుడే డీజిలు పట్టించుకురావడానికి బయల్దేరుతున్న కోట్రేశ్ వచ్చి చూశాడు. జరిగింది విన్నాడు. తల్లి వైపూ పెళ్లాం వైపూ చూసి, ఈసారి ఏ తాళాలూ వెతకలేదు. బూట్లు రెండూ లేసులు పట్టుకుని తీసుకుపోయి, టిప్పరు కేబినులో ఇంజను మూత మీద బోర్లించాడు. వానాకాలంలో డ్రైవర్లంతా తువ్వాళ్లు ఆరబెట్టుకునేది అక్కడే. సండూరు దాకా పోయి వచ్చేసరికి బూట్లు వెచ్చబడ్డాయి, సగం ఆరాయి, డీజిలు కంపు మాత్రం పూర్తిగా పట్టాయి.

సౌభాగ్య రోహిణికి ఫోను చేసి ముందు తాను వస్తున్నట్టు చెప్పింది. అవతల ఇద్దరూ కేకలు వేశారు. తర్వాత బూట్లు తడిశాయని చెప్పింది.

రోహిణి పగలబడి నవ్వింది. “మొదలుపెట్టే కాడనే వాగుండాది గదమే! అందరి బూట్లూ తడుస్తాయి. నీవి రొండు సార్లు తడుస్తాయి, అంతే!”

*

తెల్లవారుజామున రోహిణి కారు వచ్చి నిలబడేసరికి దేవక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో ఉంది. “నేనూ వస్తా” అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. శరణమ్మ జరిగి చోటిచ్చింది.

కొండ కింద మైదానంలో దీపాలు పెట్టారు. పాటలు మోగుతున్నాయి. రంగురంగుల బట్టల్లో జనం ఎగురుతున్నారు, వంగుతున్నారు, ఒకరి కాళ్లు ఒకరు ఒత్తుకుంటున్నారు. దేవక్క నోరు తెరుచుకుని చూసింది.

“వీళ్లంతా ఏం పని చేస్తారు?”

“ఆఫీసుల్లో కూచుంటారు దేవక్కా” అంది రోహిణి.

“అదీ సంగతి” అంది దేవక్క. ఆమెకు అంతా అర్థమైనట్టే ఉంది.

ఈల ఊదారు. గుంపు కదిలింది. వాగు వచ్చింది, అందరి బూట్లూ తడిశాయి. వాగు దాటగానే ఏటవాలు. అక్కడ ఎవరూ పరిగెత్తలేరు, మొనగాళ్లు కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుస్తారు. ముగ్గురూ గుంపులో వెనకగా ఎక్కుతున్నారు. వానలకు కొండ పచ్చగా ఉంది. తడి గడ్డి వాసన వేస్తోంది. తూర్పు తెల్లబడుతోంది. సౌభాగ్యకు కాళ్లలో బలం ఉంది. పొద్దున తిన్న అన్నం ఉంది. నిన్న కంప్లిలో తిన్న చారన్నం కూడా ఎక్కడో పనిచేస్తున్నట్టే ఉంది. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది.

“వెనక చూడు” అంది శరణమ్మ.

సౌభాగ్య తిరిగి చూసింది. దేవక్క వస్తోంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, వాగు దాటి, గుంపుకు చివరన, ఒక్కతే. చిన్న చిన్న అడుగులు వేస్తోంది కానీ ఆగడం లేదు. కొండెక్కడం మరిచిపోయిన మనిషి నడక కాదు అది. చేతులకే ఏం చేయాలో తెలిసినట్టు లేదు. ఒక చెయ్యి ఉండుండి తలమీదికి లేస్తోంది, ఏదో పట్టుకోవడానికి. అక్కడ ఏమీ లేకపోయేసరికి మళ్లీ దిగుతోంది.

సౌభాగ్య కిందికి పరిగెత్తింది.

“అత్తా, ఏం పనిది? మోకాళ్లు పట్టుకుంటాయి!”

“పట్టుకోనీ.” దేవక్క ఆయాసపడుతూ ఒక బండ చూసుకుని కూర్చుంది. కింద మైదానం, దీపాలు, అవతల చేలు, దూరంగా బండ్రి. కొండకు అటుపక్క, కనబడని చోట, లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కుతున్న చప్పుడు. కోట్రేశ్‌దో, ఇంకెవరిదో. దేవక్క కొంగుతో మెడ తుడుచుకుని చుట్టూ చూసింది. తనను ఎవరో ఒకరు కేక వేసి పనికి పిలుస్తారని కాసేపు ఎదురుచూసినట్టుగా చూసింది. ఎవరూ పిలవలేదు.

“పో, నీకు టైమైతాది” అంది.

“నువ్వు?”

“నేను ఈడనే ఉంటా కొంచేపు.” ఖాళీగా ఉన్న రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. “ఎన్నేండ్లెక్కినా సౌభాగ్యా ఈ కొండ! కొండెక్కి ఊరికే కూచునేది ఇదే మొదలు.”

పైనుంచి రోహిణి, శరణమ్మ పిలుస్తున్నారు. సౌభాగ్య కళ్లు తుడుచుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర ఆగి చూసింది. దేవక్క కాళ్లు బారజాపుకుని, గడ్డిపోచ ఒకటి తెంపి నోట్లో పెట్టుకుని, తెల్లారుతున్న ఊరిని చూస్తూ కూర్చుని ఉంది.